శాలిహుండం చేనుగట్టున రెండు రాత్రులు

ఆషాఢ అమావాస్యకు ముందురోజు శ్రీకాకుళంలో బస్సు దిగి, గార మండలంలో మా మేనమామ ఉండే ఊరు చేరేసరికి పొద్దు వాలిపోయింది. వెన్నెల లేని రాత్రులలో శలభాలు దీపానికి బాగా వస్తాయి కనుక తిథి చూసుకొనే బయలుదేరాను. ఒకవైపు బౌద్ధ స్తూపాల శిథిలాలున్న శాలిహుండం కొండ, దాని పక్కన వంశధార, ఇటువైపు పూత, కాయ మీదున్న నువ్వు చేలు. గట్టున రెండు వెదురు కర్రలు పాతి తెల్ల పంచె కట్టి, దాని ముందు దీపం వేలాడదీస్తుంటే మావయ్య చూసి, "ఏటల్లుడూ, పురుగులకి సినిమా ఏస్తన్నావా?" అని నవ్వారు.

నిజానికి నేను వచ్చింది ఒక తప్పు దిద్దుకోవడానికి. నిరుడు ఇదే గట్టు మీద, వీపున పుర్రె గుర్తున్న పెద్ద శలభాన్ని ఫోటో తీసి, దాని కింద 'అకెరాంషియా ఆట్రొపోస్' అని రాసుకున్నాను. ప్రసిద్ధమైన పేరు అదే కావడంతో చేయి దాని మీదికే పోయింది. ఆట్రొపోస్ ఆఫ్రికా, ఐరోపా, పశ్చిమాసియాలకు చెందినది. మన దేశంలో ఉండేవి అదే ప్రజాతికి చెందిన స్టిక్స్, లాకెసిస్ మాత్రమే. స్టిక్స్ అంటే గ్రీకుల వైతరణి. లాకెసిస్ మనుషుల ఆయుస్సు దారాన్ని కొలిచే దేవత. పేర్లు పెట్టినవారికి ఆ పుర్రె అంత గుబులు పుట్టించినట్లుంది గాని, నాకు మాత్రం అది పంట చేలో నిలబెట్టిన దిష్టిబొమ్మ మొహంలాగే కనిపిస్తుంది.

మొదటి రాత్రి ఎనిమిది గంటలకు పంచె మీద వాలినవి వేరే జాతుల జంట. ముందురెక్కలు ఎండుటాకును పోలి, వాటి కింద వెనుకరెక్కలు నారింజ రంగులో మెరిసే యూడోసిమా శలభాలు అవి. వీటిలో మెటర్నా, ఫలోనియా అనే రెండు జాతులూ ఆఫ్రికా నుంచి ఆసియా దాకా విస్తరించి ఉన్నందువల్ల, దొరికిన చోటును బట్టి తేల్చడం కుదరదు, మచ్చనే చూడాలి. వెనుకరెక్క నడుమ బొట్టు పెట్టినట్లు గుండ్రని నల్ల చుక్క ఉంటే మెటర్నా, జీడిపప్పులా వంపు తిరిగిన నల్ల మచ్చ ఉంటే ఫలోనియా. ఆ రాత్రి వచ్చిన మూడింటిలో రెండు మెటర్నాలు, ఒకటి ఫలోనియా. గట్టిగా, మొనదేలి ఉండే తమ తొండంతో ఇవి బత్తాయి, జామ పండ్లను గుచ్చి రసం పీలుస్తాయి. వీటి గొంగళ్లు తిప్పతీగ ఆకు తిని పెరుగుతాయి. మావయ్యగారి కంచె నిండా అల్లుకున్నది ఆ తీగే.

పదకొండు దాటాక పుర్రె శలభం వచ్చింది. వాలగానే ముందురెక్కలను ఇంటికప్పులా కిందికి వంచి, నాకు కావలసిన వెనుకరెక్కలను పూర్తిగా దాచేసింది. నిరుటి ఫోటోలో జరిగిందీ అదే. పరిమాణాన్ని నమ్ముకుందామంటే, రెక్కలు విప్పితే స్టిక్స్ ఎనిమిది నుంచి పన్నెండు సెంటీమీటర్లు, లాకెసిస్ పది నుంచి పదమూడు. నడుమ ఉన్నదాన్ని ఏ గంపలో వేయాలి? చివరికి గడ్డిపోచతో మెల్లగా తాకాను. గొంతులోంచి గాలిని తోస్తూ చిట్టెలుకలా కీచుమని, ఒక్కసారి రెక్కలెత్తింది. వెనుకరెక్క మొదలు దాకా పసుపే, దాని మీద రెండు నల్ల పట్టీలు: స్టిక్స్. లాకెసిస్ అయితే రెక్క మొదలే నల్లగా ఉండేది. ముందురెక్క అడుగున కూడా రెండు పట్టీలు కనిపించాయి. ఆట్రొపోస్‌కు అక్కడ సాధారణంగా ఒకటే ఉంటుంది. స్టిక్స్, ఆట్రొపోస్ రెండూ కలిసి తిరిగే పశ్చిమాసియాలో ఈ గుర్తు తప్పనిసరి కావచ్చు గాని, మా చేనుగట్టున అది అదనపు సాక్ష్యమే.

తెల్లవారాక నువ్వు మొక్కల మీద దాని గొంగళి కనిపించింది: పక్కల ఏటవాలు చారలు, తోకన కొమ్ములాంటి ముల్లు, బొటనవేలంత లావు. "ఇయ్యే ఆకులన్నీ మేసేస్తాయి. దుక్కి దున్నితే వీటి కాయలు బయటపడతాయి, కాకులు ఎగబడతాయి," అన్నారు మావయ్య. కాయలంటే మట్టిలో దాగే ప్యూపాలు, గొంగళి శలభంగా మారే దశ.

రెండో రాత్రి వానతో పంచె తడిసిపోయి ఏమీ రాలేదు. మర్నాడు పొద్దున అత్తయ్య వాకిలి ఊడుస్తుండగా, వసారా బల్బు కింద ఒక వెనుకరెక్క కనిపించింది. మిగతాదంతా బల్లి తిన్నదో, గుడ్లగూబ తిన్నదో. చీపురుకు అందకముందే దాన్ని ఏరి వెలుగులో పెట్టి చూశాను. మొదలంతా నలుపు. లాకెసిస్ కూడా ఈ ఊళ్లోనే ఉందన్నమాట.

తిరుగు ప్రయాణంలో, ఆ రెక్కను అగ్గిపెట్టెలో దాచుకొని, నిరుటి ఫోటో కింద ఆట్రొపోస్ అన్న పేరు కొట్టేశాను. బయలుదేరేటప్పుడు దాని చోట స్టిక్స్ అని రాద్దామనుకున్నాను. వెనుకరెక్క కనబడని ఆ మసక బొమ్మ కింద ఇప్పుడు 'స్టిక్స్ లేదా లాకెసిస్' అని రాసి ఉంది.