దిగిన చోటే కథకు వాతావరణం

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం వైపు దిగింది. ఆ తర్వాత విక్రమ్ ల్యాండర్‌లోని చాస్టే పరికరం అక్కడి మట్టిలోకి ఒక సన్నటి గొట్టం దించి వేడి కొలిచింది. పైపొరలో 50 డిగ్రీల పైచిలుకు. 8 సెంటీమీటర్ల లోతున సున్నాకు దాదాపు 10 డిగ్రీలు కింద. ఎనిమిది సెంటీమీటర్లంటే బెత్తెడు. పైన రోహిణీ కార్తె, బెత్తెడు కింద మంచు. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు ఈ ఒక్క కొలతను గోడకు అంటించుకోవాలని నా అభిప్రాయం. మనిషికి పడని నేల ఎలా ఉంటుందో ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం.

తెలుగులో వాతావరణం అన్న మాటకు రెండర్థాలు. పీల్చే గాలీ వాతావరణమే, కథ చదువుతుంటే మనసుకు పట్టే మూడూ వాతావరణమే. మామూలు కథలో ఈ రెండూ వేర్వేరుగా ఉన్నా నడుస్తుంది. పరాయి గ్రహం మీద నౌక దిగే కథలో మాత్రం రెండూ ఒకటై తీరాలి. గాలి ఎంత పలచనో, నేల ఎంత మెత్తనో, వెలుగు ఎటునుంచి వస్తుందో, అదే కథ మూడ్. దాన్ని వదిలేసి విడిగా భయం పుట్టించాలని చూస్తే విశేషణాలు మిగులుతాయి: భయానకం, నిర్మానుష్యం, మృత్యునిశ్శబ్దం. ఈ మూడు మాటలూ మొదటి పేరాలోనే కనబడితే, రాసినవాళ్లు ఆ నేల మీద ఇంకా కాలు పెట్టలేదని అర్థం.

ఒంటికి కొన్ని అలవాట్లుంటాయి. చేయి జారిన వస్తువు ఎంతసేపట్లో కింద పడుతుందో చెవికి ముందే తెలుసు. ఆ అలవాటు తప్పిన చోటే భయం మొదలవుతుంది. ఉదాహరణకు శని ఉపగ్రహం టైటాన్ తీసుకోండి. అక్కడి గురుత్వాకర్షణ మన దాంట్లో ఏడో వంతు. మీటరు ఎత్తు నుంచి జారిన వస్తువు మన దగ్గర అర సెకను కూడా తీసుకోదు, అక్కడ దాదాపు సెకనుంపావు పడుతుంది. దాన్ని ఇలా రాయొచ్చు:

వైదేహి చేతిలోంచి స్పానర్ జారింది. చప్పుడు కోసం చూసింది. రాలేదు. తల వంచితే అది ఇంకా మోకాలి దగ్గరే ఉంది.

నాలుగే వాక్యాలు. భయం అన్న మాట ఎక్కడా లేదు. ఆ చప్పుడు కోసం చదివేవాళ్ల చెవి కూడా ఎదురు చూస్తుంది, అది చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఒకే గ్రహం మీద అన్ని ఆపదలూ పేర్చడం దగ్గర. ఆమ్లవర్షం, విషవాయువు, భూకంపం, పైనుంచి ఏదో ప్రాణి. మూడో ఆపద వచ్చేసరికి చదివేవాళ్ల మనసు మొద్దుబారిపోతుంది. ఒక్కటి చాలు. దాన్ని పట్టుకుని కాలికి ఏమవుతుంది, కంటికి ఏమవుతుంది, చెవికి ఏమవుతుంది, నౌక కాళ్లకు ఏమవుతుంది అని నాలుగు చోట్ల లెక్క కట్టుకోవాలి. ఆ లెక్క సగం కూడా కథలోకి రాదు. కానీ కట్టకపోతే తప్పులు దొర్లుతాయి.

అంగారకుడి మీద తుఫాను మనిషిని ఎత్తి పడేసే దృశ్యం అలాంటి తప్పే. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు అరవయ్యో వంతు. గాలి తోపు దాని సాంద్రత మీదా, వేగం వర్గం (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేది) మీదా ఆధారపడుతుంది కాబట్టి, అక్కడ గంటకు 100 కిలోమీటర్ల గాలి ఒంటికి ఇక్కడి 13 కిలోమీటర్ల గాలిలా తగులుతుంది. అంటే సాయంత్రం బీచ్ రోడ్డులో చున్నీ ఎగిరేంత. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌ తుఫానును చూసిన ఊరు మన విశాఖ. తుఫాను అనగానే మనకు గుర్తొచ్చేది బలం: వేళ్లతో లేచిన చెట్లు, వంగిన స్తంభాలు, ఆకు లేని కైలాసగిరి. విశాఖలో కూర్చుని అంగారకుడి గురించి రాసేటప్పుడు ముందు ఆ జ్ఞాపకాన్ని పక్కన పెట్టాలి. అక్కడి తుఫాను ఎవరినీ నెట్టదు. ఎండను మింగేస్తుంది. 2004 నుంచి తిరిగిన ఆపర్చునిటీ రోవర్‌ 2018 జూన్‌లో గ్రహమంతా కమ్మిన దుమ్ములో చిక్కుకుంది. సౌరఫలకాలకు వెలుగు అందక మూగబోయి, మళ్లీ పలకలేదు. కాబట్టి అలాంటి దృశ్యంలో పాత్రలు దేన్నో పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. మిట్టమధ్యాహ్నం లైటు వేసుకోవాల్సి వస్తుంది. బ్యాటరీ సూచీ చూసి ఒకరు ఏమీ అనరు. ఆ గదిలో మూడ్ పూర్తిగా వేరు.

ఇక నేల. ల్యాండింగ్ దృశ్యంలో అందరూ మంట, ధూళి, కుదుపు రాస్తారు. అసలు సంగతి నౌక కాలు నేలను తాకిన తర్వాతి పది సెకన్లలో ఉంటుంది. కొత్త నేల నాలుగు రకాలుగా మోసం చేయగలదు, నాలుగూ నిజంగా జరిగినవే. ఒకటి, పట్టు ఇవ్వకపోవడం. 2014 నవంబర్ 12న తోకచుక్క మీద దిగిన ఫిలే ల్యాండర్, నేలలో గుచ్చుకోవాల్సిన హార్పూన్లు (తాడు కట్టిన ఈటెలు) పేలకపోవడంతో ఎగిరిపడి, దాదాపు రెండు గంటలు పైనే తేలి, ఎక్కడో నీడలో వాలింది. రెండు గంటలపాటు దిగుతూనే ఉండటం ఎంత గొప్ప అధ్యాయమో ఆలోచించండి. రెండు, పెచ్చు కింద మెత్తదనం. 2009లో అంగారకుడి మీద స్పిరిట్ రోవర్ చక్రాలు పైపెచ్చును చిదిమి కింది ఇసుకలో దిగబడ్డాయి. ఇక బయటికి రాలేదు. మూడు, రాపిడి చాలకపోవడం. అయిదు మీటర్ల లోతుకు దిగాల్సిన ఇన్‌సైట్ ల్యాండర్ తవ్వే పరికరానికి అంగారకుడి మట్టి పట్టు దొరక్క, ఉన్నచోటే ఎగిరెగిరి పడింది. 2021 జనవరిలో ఆ ప్రయత్నం మానేశారు.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టం. 2005 జనవరి 14న టైటాన్ మీద దిగిన హైగెన్స్ కింద తడి ఇసుకలాంటి నేల ఉంది. చలి సున్నాకు 179 డిగ్రీలు కింద. దిగిన పరికరం వెచ్చదనానికే ఆ నేల మీథేన్ ఆవిరి వదిలింది. అంటే అక్కడ అడుగుపెట్టడమే ఆ నేలకు వాత పెట్టడం. శత్రువు ఎవరన్న ప్రశ్న ఇక్కడ తిరగబడుతుంది. పగబట్టిన గ్రహం కన్నా, మన ఉనికికే కరిగే గ్రహం ఎక్కువ బాధ పెడుతుంది. తెలుగులో ఇలాంటి కథలు ఇంకా రావాలి.

కంటి విషయానికొస్తే, దూరం అంచనా వేయడం మనకు గాలి నేర్పిన విద్య. ఆర్‌కే బీచ్‌లో నిలబడి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఒకరోజు లేత బూడిద రంగులో, ఒకరోజు ముదురు ఆకుపచ్చలో కనిపిస్తుంది. ఆ మసకను బట్టే దూరం తెలుస్తుంది. చంద్రుడి మీద మసక లేదు. పక్కనున్న రాయీ, దూరపు కొండా ఒకే పదునుతో కనిపిస్తాయి. 1971 ఫిబ్రవరిలో అపోలో-14 వ్యోమగాములిద్దరు కోన్ క్రేటర్ అంచు కోసం వాలు ఎక్కుతూ ఎక్కుతూ, అంచుకు కొన్ని పదుల మీటర్ల దూరంలోనే ఉండి, అది కనబడక వెనుదిరిగారు. ఎదురుగా ఉన్నది కనబడకపోవడానికి చీకటే అక్కర్లేదని ఆ నడక చెబుతుంది. శుక్రుడి మీద ఇంకోలా ఉంటుంది. దట్టమైన మబ్బుల వల్ల సూర్యుడు ఒక చోట కనబడడు, నీడ స్పష్టంగా పడదు, నీలపు వెలుగు కిందికి రాక బూడిద రంగు రాళ్లు నారింజ రంగులో కనిపిస్తాయి. నీడ లేని చోట దిక్కు తెలియదు, పొద్దు తెలియదు.

దిగంతం లెక్క కూడా వేసుకోండి. కన్ను 1.7 మీటర్ల ఎత్తులో ఉంటే భూమి మీద అది 4.7 కిలోమీటర్ల దూరం, అంగారకుడి మీద 3.4, చంద్రుడి మీద 2.4. పోర్టు బయట లంగరేసిన ఓడల్లో మరీ దూరంవాటికి అడుగుభాగం నీటి కిందికి పోయి పైభాగమే కనిపిస్తుంది. అదే లెక్కన చంద్రుడి మీద చదునైన నేలపై నడిచిపోతే, ఏడు మీటర్ల ఎత్తున్న నౌక పైకొస కూడా ఏడున్నర కిలోమీటర్ల లోపే మునిగిపోతుంది. పాత్ర వెనక్కి తిరిగి చూసి నౌక లేకపోవడాన్ని గమనించే వాక్యం ఎక్కడ పడాలో ఈ అంకే చెబుతుంది.

చేయి తిరగాలంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లండి. ఇనుప ఆక్సైడ్‌తో ఎరుపెక్కిన పాత ఇసుకమేటలు అవి. వాననీళ్లు కోసిన గండ్లు వాటినిండా ఉన్నాయి. భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు కాబట్టి మట్టి తవ్వకూడదు, గుప్పెడు కూడా తేకూడదు. గండి అంచుల మీద నిలబడకండి, విరిగిపడతాయి. ఎండ వాలాక గండి అడుగుకు దిగి అడుగులు లెక్కపెట్టండి. ఎన్నో అడుగున సముద్రం కనుమరుగైంది? ఎన్నో అడుగున దాని హోరు తగ్గింది? గోడ మీది నీడ పది నిమిషాల్లో ఎంత జరిగింది? ఒక్క విశేషణం కూడా వాడకుండా పదిహేను వాక్యాలు రాయండి. ఎరుపు అన్న మాట కూడా వద్దు, ఆ రంగును చెప్పుకు అంటిన మట్టిలోనో, సాక్సు అంచులోనో చూపించండి. తర్వాత అదే పేజీలో గురుత్వాకర్షణనో, చప్పుడునో, ఒక్కదాన్ని మాత్రం మార్చండి. రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

బయటి నేల ఎంత పరాయిదో తెలియాలంటే లోపలి ఇరుకు కూడా తెలియాలి. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం దీనికి మంచి పాఠం. 91 మీటర్ల పొడవున గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి నడవాలి, భుజానికి ఎప్పుడూ ఏదో పైపు తగులుతూనే ఉంటుంది. నౌక లోపల ఇలా భుజాలు ముడుచుకున్న మనిషికి బయట ఆనుకోవడానికి ఏమీ లేదని ఒంటికే తెలుస్తుంది. తలుపు మూసేశాక కూడా బయటిది లోపలికి రావాలి. అపోలో వ్యోమగాములు లోపలికొచ్చి హెల్మెట్లు తీశాక, సూట్లకు అంటిన చంద్రధూళి కాల్చిన తుపాకీ మందులా వాసన వేసిందన్నారు. మన చదువరికి దీపావళి మర్నాటి వీధి వాసన అంటే చాలు. అది అన్నం తినే చోటుకు వచ్చిందని ఒక్క వాక్యంలో చెప్పండి.

చివరగా గడియారం. 1982 మార్చి 1న శుక్రుడి మీద దిగిన వెనెరా-13ను అక్కడ 32 నిమిషాలు పనిచేసేలా తయారుచేశారు, 457 డిగ్రీల వేడిలో అది 127 నిమిషాలు నిలిచింది. అలాంటి చోట కథ నిమిషాల్లో నడుస్తుంది, వాక్యాలు పొట్టిగా ఉండాలి, మిగిలిన సమయాన్ని కథ మొత్తంలో మూడు సార్లకు మించి గుర్తు చేయకూడదు. అంగారకుడి మీద భయం నిదానంగా వస్తుంది. అక్కడి రోజు మనకన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. మొదటి రోజు తేడా తెలియదు, వారానికి నాలుగున్నర గంటలు దాటుతుంది, పద్దెనిమిదో రోజుకు చేతి గడియారంలో మధ్యాహ్నం పన్నెండైతే కిటికీ బయట అర్ధరాత్రి. నౌకలో గడియారం మార్చుకున్న పాత్ర ఒకటి, మార్చుకోని పాత్ర ఒకటి పెట్టండి. మార్చుకోని మనిషి ఆ చీకట్లో లేచి కూర్చుని, విశాఖలో ఇప్పుడు అమ్మ అన్నానికి పిలిచే వేళ అని కంచం కడుక్కోవడం మొదలుపెడతాడు. రెండో పాత్ర నిద్రలోంచి ఆ చప్పుడు వింటుంది.