ఒంటి తుమ్ము

రాత్రి పదకొండున్నర. ముక్కు ఎడమవైపు దిబ్బడేసింది, కుడివైపు కుళాయిలా కారుతోంది. కానీ నిద్ర పట్టనిది అందుకు కాదు. నాన్న ఇవాళ కాకినాడ వెళ్ళలేదు, నావల్ల.

శుక్లాల ఆపరేషనుకి ముందు చేసే పరీక్షలు. మొదట కనుమ రోజున రమ్మన్నారట. కనుమ నాడు కాకైనా కదలదు, ఇక మా నాన్న కదుల్తారా? బతిమాలి సోమవారానికి మార్పించుకున్నారు. తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. సోమవారం ఏడున్నరకి రాహుకాలం మొదలు కాబట్టి ఆరున్నరకే గుమ్మం దాటాలని అమ్మ తీర్మానం. కారు మాట్లాడుకున్నారు. ఇక్కడ టెక్సాస్‌లో ఆదివారం రాత్రి ఏడు. "వెళ్ళొస్తామే" అని చెప్పడానికి అమ్మ వీడియో కాల్ చేసింది. కాళ్ళకి చెప్పులు, ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో ఫోను. నేను "జాగ్రత్తమ్మా" అనబోయి తుమ్మాను.

ఒక్కటి.

వారం రోజులుగా మొదలెడితే పదికి తక్కువ తుమ్మడం లేదు నేను. పాప పక్కగదిలోంచి పైకి లెక్కపెడుతుంది కూడా. ఇవాళ మాత్రం ఒకటి దగ్గర ఆగిపోయింది. అమ్మ వెంటనే చెప్పులు విడిచేసింది. నాన్నని కూర్చోమంది, మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"టెక్సాస్‌లో తుమ్మితే అమలాపురంలో శకునమేమిటే?" అన్నారు నాన్న.

"గుమ్మంలో ఉండగా వినపడిందా, లేదా?" అంది అమ్మ. తర్వాత నాకేసి తిరిగి, "రెండోది తుమ్ము. ఊఁ, తుమ్మవే."

లైటు వంక చూశాను. టిష్యూ కొస మెలితిప్పి ముక్కులో పెట్టుకున్నాను. రాలేదు. ఈలోగా కారు అబ్బాయి హారన్ మీద హారన్. "నాకు ఇంకో బేరం ఉందండీ" అని చివరికి వెళ్ళిపోయాడు. ఇంకో కారు దొరికేసరికి ఏడూ నలభై. రాహుకాలం తొమ్మిది దాకా. ఫోన్ చేసి అడిగితే ఇక ఫిబ్రవరిలోనే అన్నారట. అమ్మ "పోన్లెద్దూ, అంతా మన మంచికే" అంది. నాన్న నాతో ఒక్క మాట మాట్లాడలేదు, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ కళ్ళతో ఆయన పేపరు చదవలేరని ముగ్గురికీ తెలుసు.

ఫోన్ పెట్టేసిన రెండు నిమిషాలకి వచ్చాయి. పద్నాలుగు. పాప లెక్క.

మా ఇంట్లో నా తుమ్ములకి చరిత్ర ఉంది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు చిన్నత్తకి తణుకు నుంచి సంబంధం వచ్చింది. తాతయ్యా నాన్నా మాటలకి వెళ్తున్నారు. ఇస్త్రీ పంచెలు, పళ్ళబుట్ట, ఎనిమిదింటి బస్సు. అరుగు మీద కూర్చున్నదాన్ని తాతయ్య కాలు గడప దాటగానే తుమ్మాను. నాన్నమ్మ ఒక్క కేక పెట్టింది. అందరూ వెనక్కి. కాళ్ళు కడుక్కున్నారు, కూర్చున్నారు, నీళ్ళు తాగారు. ఒంటి తుమ్ము అశుభం, రెండు తుమ్మితే దోషం లేదు కాబట్టి రెండోది తుమ్మించే పని నామీద పడింది. నాన్న ఎండలోకి తీసుకెళ్ళి సూర్యుణ్ణి చూడమన్నారు. నాన్నమ్మ చీపురుపుల్ల తెచ్చింది. ఆఖరికి తాతయ్య మొలలోంచి పొడుంకాయ తీసి, బోర్లించి రెండుసార్లు తట్టి, చిటికెడు నా ముక్కు దగ్గర పెట్టారు. అంతే, ఇల్లెగిరిపోయింది. మొదటిదానితో కలిపి పదకొండు. పదకొండు సరిసంఖ్య కాదని నాన్నమ్మ, మొదటిది వేరే లెక్క, మిగిలినవి పదేనని తాతయ్య. ఈ పంచాయితీ తేలేలోగా బస్సు వెళ్ళిపోయింది. మరుసటి వారం వెళ్తే ఆ అబ్బాయికి వేరేచోట నిశ్చయమైపోయిందన్నారు.

చిన్నత్తకి తర్వాత రావులపాలెం మావయ్యతో అయింది. ఆయనతో బాగున్న రోజుల్లో "నీ తుమ్ము చలవేనే" అని బుగ్గ గిల్లుతుంది. పోట్లాడుకున్న రోజుల్లో "ఆ రోజు నీ ముక్కు ఊడిపోయినా బాగుండేది" అంటుంది. అసలు ఆ పూట నాకెందుకు తుమ్మొచ్చిందంటే వంటింట్లోంచి ఎండుమిరపకాయల ఘాటు. వేయిస్తున్నది చిన్నత్తే. పొద్దున్న ఏడున్నరకి, పచ్చడి లేదు ఏమీ లేదు, ఆ మిరపకాయలు దేనికో నేనెప్పుడూ అడగలేదు.

సరే, ఇవాళ్టి దానికి మిరపకాయలు కారణం కాదు, కిటికీ. మా ఆయనకి కిటికీలు తెరిచే పిచ్చి. మొన్న ఉత్తరగాలి వచ్చి వెళ్ళింది, ఇవాళ పొడి ఎండ, 72 డిగ్రీల ఫారన్‌హీట్. నేను పైన బట్టలు మడతపెట్టి కిందికి దిగేసరికి హాల్లో మూడు కిటికీలూ బార్లా తెరిచి, వాటి మధ్య కాఫీ గ్లాసుతో మహారాజులా నిలబడ్డారు. "జనవరిలో ఇలాంటి గాలి! మిన్నెసోటాలో కలగన్నామా?" గాలి సరే, అందులో ఉన్నదేమిటో? ఇక్కడ డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా సీడర్ కాలం. చలిగాలి వచ్చి పోయాక ఇలా ఎండ కాసి గాలి వీచిందంటే కొండల మీది మగచెట్లన్నీ ఒకేసారి పుప్పొడి వదుల్తాయి. ఆ చెట్టు నిజానికి సీడరే కాదు, ఆష్ జూనిపర్. వచ్చే రోగాన్ని సీడర్ ఫీవర్ అంటారు, జ్వరమేమో సాధారణంగా రాదు. పేరులో ఒక్క ముక్కా నిజం లేదు. మేం ఏరికోరి ఇల్లు కొన్న ఊరి పేరేమో సీడర్ పార్క్!

వచ్చిన మొదటి ఏడు భోగి పొద్దున్న ఇంటి వెనక చెట్టులోంచి పొగ లేచింది. ఎవరో మనవాళ్ళు మంట వేశారనుకుని సంబరపడి, పాపని ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాను. పొగ కాదు, పుప్పొడి. అడవి అంటుకుందనుకుని ఫైరింజన్‌కి ఫోన్ చేసేవాళ్ళు కూడా ఉన్నారట ఇక్కడ, నేను నయం. ఆ ఏడు, మరుసటేడు నాకేమీ కాలేదు. "మూడో ఏడు చూడండి" అన్నారు ఎదురింటావిడ. మూడో ఏడు చూశాను. డాక్టరు వీపు మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో పుప్పొడి గుచ్చితే, సీడర్ దగ్గర రూపాయిబిళ్ళంత దద్దురు లేచింది. నర్సు ఇంకో నర్సుని పిలిచి మరీ చూపించింది.

ఎదురింటావిడే తేనె కూడా తెచ్చిస్తారు. ఇక్కడి తేనె తింటే ఇక్కడి పుప్పొడి ఒంటికి అలవాటవుతుందని ఆవిడ సిద్ధాంతం. ఈ చెట్టు పుప్పొడి గాలికి ఎగిరేది, పూల చుట్టూ తిరిగే తేనెటీగకి దీంతో పనేముందండీ అని ఒకసారి అన్నాను. మర్నాడు ఇంకా పెద్ద సీసా తెచ్చారు. నిమ్మరసంలో కలుపుకుని తాగుతున్నా, తిట్టుకుంటూ.

మా ఆయనకేమో ఏ పుప్పొడీ అంటదు. గేదె మీద వాన. "ముక్కులో స్ప్రే కొట్టుకో" అంటారు, అదేదో కొట్టగానే పనిచేసే దోమల మందన్నట్టు. దాన్ని సీజనుకి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. డిసెంబరు మొదట్లో ఇల్లంతా చుట్టాలు (ఆయన వైపు), మర్చిపోయాను. ఇప్పుడు రాత్రిపూట తలస్నానం, బయట తిరిగిన బట్టలతో మంచమెక్కకూడదు, దిండు గలీబులు రోజూ ఉతుకు. ఉతికినవి ఎండలో ఆరేయకూడదు. మిన్నెసోటా చలిలో ఉన్న పదకొండేళ్ళూ ఎండలో ఆరిన బట్టల వాసన కోసం మొహం వాచిపోయాను. ఇప్పుడు ఎండుంది, తాడుంది, క్లిప్పులున్నాయి. ఆరేస్తే పుప్పొడి.

సాయంత్రం వరకూ మిన్నెసోటా వదిలి రావడమే తప్పు అని రాద్దామనుకున్నాను. అక్కడ నాకు పడనిది రాగ్‌వీడ్ ఒక్కటే. మన వయ్యారిభామకి దగ్గర చుట్టం అది. ఆగస్టులో మొదలయ్యేది, మొదటి మంచు గట్టిగా పడితే చచ్చేది. తర్వాత నేలంతా తెల్లగా కప్పేసి నా ముక్కుకి మళ్ళీ ఆగస్టు దాకా సెలవులు. ఇక్కడ సీడర్ వెళ్తే ఓక్, కార్ల మీద పసుపు చల్లినట్టు. తర్వాత గడ్డి, ఆ తర్వాత మళ్ళీ ఆ రాగ్‌వీడే. చెట్లకి సెలవుల్లేకపోతే నాకెక్కడివి?

రాద్దామని కూర్చుంటే వేరేవి గుర్తొస్తున్నాయి. బస్టాపులో గాలి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి పుల్లల్లా గుచ్చుకునేవి. నాలుగున్నరకే చీకటి. పాప పుట్టిన ఆ చలికాలం, కిటికీకి అడ్డంగా పేరుకున్న మంచుని చూస్తూ కూర్చున్న మధ్యాహ్నాలు. వద్దు బాబూ. పద్నాలుగు కాదు, నలభై తుమ్ముతాను.

అయినా నన్ను తొలుస్తున్నది ఇదీ కాదు. అమ్మ చెప్పులు విడిచిన తీరు. ఎంత గబుక్కున విడిచింది! నాన్నమ్మ మూఢనమ్మకాలని ముప్ఫయ్యేళ్ళు వేళాకోళం చేసిన మనిషి. పాప బారసాలకి కూడా ముహూర్తం అక్కర్లేదన్న మనిషి. రాహుకాలం గొడవ ఎప్పటి నుంచి? తుమ్ము వినగానే ఆవిడ మొహంలో భయం కనపడిందని అప్పుడనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే అది భయంలా లేదు. పక్కవీధి మాస్టారికి ఆపరేషన్ తర్వాత కన్ను వాచి ఇబ్బందైందని సంక్రాంతికి ముందు రెండుసార్లు చెప్పింది. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి అంట్లు తోముకుంటూ ఊఁ కొట్టాను.

ఏమో, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో. నిద్రమాత్ర కలిసిన ఎలర్జీ మాత్ర వేసుకున్నాను, అరగంటైంది. రేపు నాన్న నడకకి వెళ్ళినప్పుడు అమ్మతో విడిగా మాట్లాడాలి.

అయ్యో, వడియాలు! మధ్యాహ్నం పెరట్లో బల్ల మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టాను, పల్చటి పంచె కప్పి. ఇన్నేళ్ళ తర్వాత ఎండలో పెట్టిన మొదటి వడియాలు, అమ్మ ఫోన్లో కొలతలు చెప్తే పెట్టినవి. ఇంకా అక్కడే ఉన్నాయి. నేను తలుపు తీశానంటే తెల్లారేదాకా తుమ్ములే. ఆయన్ని లేపుతాను. కిటికీలు తెరిచినవాళ్ళే వెళ్ళి తెస్తారు.