ఆరు ఇంజన్ల కాప్రోని

వరంగల్ నుంచి ఖమ్మం దారిలో వెళ్ళినప్పుడల్లా, నిజాం కాలంలో 1930లో వెలసిన మామునూరు విమానాశ్రయం వైపు నా చూపు మళ్ళుతుంది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, ఇటలీలో కాప్రోని సీఏ.90 అనే ప్రయోగాత్మక బాంబర్ 10,000 కిలోల బరువును మోస్తూ మూడు వేల మీటర్లకు పైగా ఎగిరి రికార్డు సృష్టించింది. వరంగల్ ఏనుమాముల పత్తి మార్కెట్ లెక్కలో చెప్పాలంటే అది 100 క్వింటాళ్ళ పత్తి!

దాని రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొస వరకు 46.6 మీటర్లు. ఆ పొడవు ఎంతో కళ్ళారా చూడాలనిపించి, నిన్న ఉదయం హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో అంగలు వేసి కొలిస్తే 62 పడ్డాయి; నడకకు వచ్చినవాళ్ళు నన్ను వింతగా చూశారు.

మామూలు బైప్లేన్లకు (ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కలుండే విమానాలకు) భిన్నంగా దీనికి కింది రెక్క పై రెక్క కంటే పెద్దది. వెయ్యేసి హార్స్‌పవర్ గల ఇటలీ కంపెనీ ఇసోట్టా ఫ్రాస్కినీ ఇంజన్లు ఆరింటిని ముందొకటి, వెనకొకటిగా మూడు జతలుగా అమర్చారు. ముందుది విమానాన్ని లాగితే, వెనకది నెట్టేది. ఈ ఏర్పాటు వల్ల గాలి నిరోధం తగ్గినా, ముందు ప్రొపెల్లర్ చెదరగొట్టిన గాలిలోనే తిరగవలసి రావడంతో వెనకదాని సామర్థ్యం కొంత తగ్గేది.

గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే అంత పెద్ద విమానానికి పగటిపూట ఫైటర్ల నుంచి తప్పించుకోవడం కష్టం కనుక, చీకటే దానికి కవచమని నా అభిప్రాయం. చివరకు తయారైంది ఒక్కటే.