మీటర్ చూపించిన 12 వోల్టులు

సిరిమాను పండగ దగ్గరపడిందంటే విజయనగరంలో దర్జీకీ మెకానిక్‌కీ ఊపిరాడదు. ఈరోజు నేను షెడ్డు తియ్యకముందే గుమ్మంలో ఒక ట్యాక్సీ ఆగి ఉంది, డీజిల్ బండి. చింతపల్లి తీరం వైపు ఊరు అతనిది, అరకు ట్రిప్పులు కొడతాడు. "ఏటో మేస్త్రీ, కింద రోడ్డు మీద బాగానే పోతంది, ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే మాత్రం లాగట్లేదు, ఆర్‌పీఎం మూడు వేలు దాటట్లేదు, కీ ఆపి మళ్లీ తిప్పితే కాసేపు బాగుంటాది" అన్నాడు. అంతకుముందు ఇంకోచోట చూపిస్తే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని గట్టిగా నెట్టేది) పోయింది, మార్చాలన్నారట. ఆ ఖర్చు విన్న దగ్గర్నుంచి మనిషికి నిద్ర లేదు.

స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పీ 0045. అంటే బూస్ట్ కంట్రోల్ సర్క్యూట్ ఓపెన్, టర్బో గాలిని అదుపు చేసే కరెంటు దారి ఎక్కడో తెగిందని. టర్బో గాలి నిజంగా సరిపోకపోతే వచ్చేది పీ 0299, అప్పుడు పైపులు, వాక్యూమ్ గొట్టాలు, టర్బో అన్నీ అనుమానించాల్సిందే. 0045 వస్తే ముందు చూడాల్సింది కరెంటు సంగతి. టర్బో లోపలి రెక్కల్ని కదిపే వాక్యూమ్‌ని ఎంత వదలాలో ఒక చిన్న సోలెనాయిడ్, అంటే కరెంటుతో పనిచేసే వాల్వు, చూసుకుంటుంది, దానికి రెండే వైర్లు. ఒకదాంట్లో కీ ఆన్ చేస్తే ప్లస్ వస్తుంది, రెండోదాన్ని ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటరు, సెకనుకి ఎన్నోసార్లు ఎర్త్ చేసి వదులుతూ ఉంటుంది. ఈ దారి ఎక్కడ తెగినా ఇంజిన్ పాడవకుండా ఈసీఎం పవర్ తగ్గించేస్తుంది. టర్బోకి ఏ రోగమూ లేకపోయినా బండి ఘాట్ ఎక్కదు.

సోలెనాయిడ్ ప్లగ్ పీకి కాయిల్ కొలిచాను, పదిహేను ఓమ్‌ల దగ్గర ఉంది, అంటే కాయిల్ బాగానే ఉంది. కీ ఆన్ చేసి ప్లస్ వైరు మీద మీటర్ పెడితే 12 వోల్టులు నిక్షేపంగా చూపించింది. మా కుర్రాడు "వైరింగ్ ఓకే అన్నా, ఈసీఎం పోయినట్టుంది" అన్నాడు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. మీటర్ దాదాపు కరెంటే లాగదు కదా, వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా దానికి 12 కనిపిస్తుంది. అందుకే నా దగ్గర ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి ఉంచుకుంటాను, 21 వాట్లది. అదే ప్లస్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య పెడితే బల్బు ఎర్రగా మినుకుమంది అంతే, బల్బు పెట్టి ఉండగానే మీటర్ చూస్తే రెండు వోల్టులు కూడా లేదు. మిగతా పది వోల్టులూ దారిలోనే పోతున్నాయన్నమాట. (ఈ బల్బు ప్లస్ వైపే పెట్టాలి. ఈసీఎం నుంచి వచ్చే వైరుకి పెట్టి అంత కరెంటు లాగితే లోపలి ట్రాన్సిస్టర్ పోతుంది, అప్పుడు నిజంగానే ఈసీఎం కొనుక్కోవాలి.)

ఫ్యూజు దగ్గర అదే బల్బు తెల్లగా వెలిగింది. అదే ఫ్యూజు మీదున్న మిగతావన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి తేడా ఈ కొమ్మలోనే ఉండాలి. బల్బు వెలుతురు చూస్తూ వైరుకట్టని కొంచెం కొంచెంగా కదుపుతూ పోయాను. ఇంజిన్ వెనక, ఒక బ్రాకెట్ అంచు దగ్గర నొక్కగానే బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. టేపు విప్పితే ఎవరో ఎప్పుడో మెలిపెట్టి చుట్టేసిన జాయింట్, టంకం లేదు ఏమీ లేదు. ఉప్పుగాలికి రాగి పచ్చగా పొడిపొడి అయిపోయి, గోటితో గీకితే రాలుతోంది, అంటుకుని ఉన్నవి రెండు మూడు పోగులు. ఘాట్‌లో గట్టిగా రేజ్ చేసినప్పుడు ఇంజిన్ ఒరిగి, ఆ పోగులు కూడా విడిపోయేవి.

చెడ్డ ముక్క కోసేసి, అదే మందం వైరు వేసి, టంకం పెట్టి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేసి, బ్రాకెట్‌కి తగలకుండా పక్కకి కట్టాను. బల్బు తెల్లగా వెలిగాకే ప్లగ్ పెట్టాను. డెంకాడ రోడ్డులో టెస్ట్‌కి వెళ్తే, ఐడిల్‌లో 100 కిలోపాస్కల్స్ దగ్గర ఉన్న ఇంజిన్ గాలి ప్రెషర్ గట్టిగా తొక్కగానే 200 దాటింది, కోడ్ మళ్లీ రాలేదు.

డబ్బుల దగ్గర మాత్రం "జానెడు వైరుకి ఇంతేటి మేస్త్రీ?" అన్నాడు. టర్బో మార్చి ఉంటే నోరెత్తకుండా ఇచ్చేవాడు, ఎందుకంటే చేతిలో ఒక డబ్బా కనిపిస్తుంది. వెతికిన టైముకి బిల్లు రాయడం నాకు ఇప్పటికీ మొహమాటమే, అయినా తగ్గించలేదు. హెడ్‌లైట్ వెనక కూడా అలాంటి టేపు జాయింట్ ఒకటి చూపించి, అదీ చేసేస్తానంటే, "ఆదివారం అరకు ట్రిప్పుకి అడ్వాన్స్ తీసేసుకున్నాను, వచ్చాక చూద్దాం" అని వెళ్లిపోయాడు.