వావ్‌లో రెండు అకౌంట్లు ఒకేసారి: మొదలుపెట్టేవాళ్లకి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ (వావ్) అనే ఆన్‌లైన్ గేమ్‌లో రెండు అకౌంట్లు కలిపి ఆడితే బ్యాన్ పడదు. ఒక్క కీ నొక్కితే అన్ని విండోలకూ పంపే సాఫ్ట్‌వేర్ వాడితేనే గొడవ. 2020 నవంబరులో గేమ్ కంపెనీ బ్లిజార్డ్ ఆ సాఫ్ట్‌వేర్‌ని నిషేధించింది. ఆల్ట్-ట్యాబ్ కొట్టి విండో మారుస్తూ చేత్తోనే ఆడాలి. ఐదు అకౌంట్ల సరదా తర్వాత, ముందు రెండు చాలు.

రెండో అకౌంట్‌లోని క్యారెక్టర్ హీలరో (వైద్యం చేసేది) హంటరో (దూరం నుంచి కొట్టేది) అయితే మేలు. దగ్గరకెళ్లి కొట్టే క్లాస్ అయితే దాన్ని శత్రువు వైపు తిప్పడానికే టైమంతా పోతుంది. రెండో విండోలో శత్రువును కొట్టడానికి మాక్రో (ఒక్క బటన్‌తో నడిచే కమాండ్ల జాబితా) ఇలా: మొదటి లైన్‌లో స్లాష్ అసిస్ట్ (/assist), మెయిన్ (మీ మొదటి క్యారెక్టర్) పేరు, రెండో లైన్‌లో స్లాష్ క్యాస్ట్ (/cast), స్పెల్ పేరు. మెయిన్ ఎంచుకున్న శత్రువునే అసిస్ట్ దీనికీ టార్గెట్ చేస్తుంది; అది లేకపోతే టార్గెట్ దొరక్క ఊరికే నిలబడుతుంది. మెయిన్ వెనకే నడిపించడానికి స్లాష్ ఫాలో (/follow)కి వేరే మాక్రో. మెయిన్ మరీ దూరం వెళ్తే ఫాలో తెగుతుంది, మళ్లీ నొక్కాలి.

పీసీ ముక్కుతుంటే గేమ్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఎఫ్‌పీఎస్ (వెనకున్న విండో సెకనుకు చూపే ఫ్రేములు) 30కి దించండి.