హెడ్డు విప్పే ముందు రెండు ప్రశ్నలు

పాత కారు వేడెక్కుతోందని గ్యారేజీకి తీసుకెళ్తే, మా నల్గొండలో బానెట్ లేపగానే ఎక్కువగా వినిపించే మాట హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ బ్లాకుకూ దాని మీద మూతలా ఉండే హెడ్డుకూ మధ్య సీలులా నలిగే పలచటి పొర. నిజంగా అదే కావచ్చు కూడా. కానీ ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరకకుండా హెడ్డు మీద స్పానర్ పెట్టనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

మాది నాయిన కొన్న 1986 మోడల్ ప్రీమియర్ పద్మినీ. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, కింద పోత ఇనుము బ్లాకు, పైన అల్యూమినియం హెడ్డు. సంక్రాంతి తర్వాత దానికి ఒక అలవాటు మొదలైంది. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఎంతసేపు ఆగినా టెంపరేచర్ ముల్లు కదలదు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కి వేగం అందుకున్నామంటే మాత్రం ఆ చలిలో కూడా పైకి పాకుతుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయి, కింద ఒక్క చుక్క కారిన జాడ లేదు. మెకానిక్ ఆయిల్ మూత తీసి లోపల అంటుకున్న తెల్లటి మీగడలాంటి ముద్ద చూపించి, "గాస్కెట్ పోయిందన్నా, హెడ్డు ఇప్పుదాం" అన్నాడు.

ఆ ముద్ద ఒక్కదాన్నే చూసి నేను నమ్మను. చలికాలంలో బండిని బజారు దాకా, బడి దాకా మాత్రమే తిప్పితే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి ఆవిరి చల్లటి మూతకు తగిలి నీరై, ఆయిల్‌తో కలిసి అలా పేరుకుంటుంది. చూడాల్సింది డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ: ఆ ముద్ద దానికీ అంటుకుందా అని. ఇంకా గట్టి రుజువు కావాలంటే, రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే ఇంజన్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేయాలి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, అడుగున చేరతాయి కాబట్టి ముందు అవే పడతాయి. మాకు పడింది నల్లటి ఆయిలే. అలాగని గాస్కెట్ బాగుందని కాదు, నీళ్లు ఆయిల్‌లోకి పోవట్లేదని మాత్రమే.

గాస్కెట్ పోయిందనడానికి చాలామంది చూపే తెల్ల పొగ కూడా అంతే. చలి పొద్దున ప్రతి బండికీ సైలెన్సర్‌లోంచి ఆవిరి వస్తుంది, ఇంజన్ వేడెక్కాక ఆగిపోతుంది. ఆగకుండా వస్తుంటేనే అనుమానించాలి. కూలెంట్ కాలితే తియ్యటి వాసన వస్తుందంటారు, నిజమే. కానీ మన దగ్గర చాలా పాత బండ్లలో ఉండేవి ఉత్త నీళ్లు. వాటికి ఏ వాసనా రాదు.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపాలి. వేడి మీద మూత ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. తర్వాత ఫ్యాన్ బెల్టు తీసేయాలి. వాటర్ పంపు తిరగకపోతే నీళ్లు నిలకడగా ఉంటాయి, కనిపించే బుడగ ఎక్కడిదో అనుమానం ఉండదు. స్టార్ట్ చేసి ఒక్క నిమిషం చూస్తే చాలు, అంతకు మించి నడపకూడదు. మా బండిలో ముందు ఏమీ లేదు. యాక్సిలరేటర్ కాస్త నొక్కి పట్టగానే సన్నటి బుడగలు వరసగా లేచాయి, నీళ్లు మెడ దాటి పొర్లాయి. నీళ్లింకా వేలు పెట్టగలిగేంత చల్లగానే ఉన్నాయి. మరగని నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నాయంటే అవి సిలిండర్‌లో పెట్రోల్ కాలిన గ్యాసులే.

ఇక ఎక్కడ అన్నది కంప్రెషన్ గేజ్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే మీటరు, చెప్పింది. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, సెల్ఫ్ తిప్పి చూశాం. ఒకటి, నాలుగు సిలిండర్లలో 130 పీఎస్‌ఐ దగ్గర. రెండు, మూడులో 75 కూడా లేదు. ఆ రెండింటిలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెద్దగా పెరగలేదు. పిస్టన్ రింగులు అరిగి ఉంటే ఆయిల్‌తో పెరిగేది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయాయంటే వాటి మధ్య గాస్కెట్ సన్నటి పట్టీ కాలిపోయిందని దాదాపు ఖాయం. పైగా మూడో ప్లగ్గు మిగతా మూడింటిలా గోధుమ రంగులో లేదు, ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తోంది. తగ్గిపోతున్న నీళ్లు అటే పోతున్నాయి.

అంటే మెకానిక్ మాట నిజమే, ఆయన చూపించిన రుజువే సరిపోదు. హెడ్డు విప్పితే రెండు, మూడు మధ్య పట్టీ నల్లగా మాడి, మూడో సిలిండర్ పక్కనున్న నీటి రంధ్రం దాకా తెగి ఉంది. హెడ్డు అడుగుకు స్టీల్ స్కేలు ఆనించి చూస్తే మధ్యలో 0.1 మి.మీ. ఫీలర్ బ్లేడ్, అంటే సందు కొలిచే పలచటి రేకు, దూరింది. హెడ్డు వంగిందన్నమాట. వేడికి అల్యూమినియం ఇనుముకు రెట్టింపు సాగుతుంది. మధ్యలో నలిగేది గాస్కెట్. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో హెడ్డు కూడా ఇనుమే, అందుకే అది ఈ విషయంలో మొండిఘటం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొత్త గాస్కెట్ వేస్తారు, హెడ్డు అడుగును చదును చేసే ఫేసింగ్ చేయిస్తారు, బండి తీసుకుపోతారు. కానీ అసలు ఎందుకు వేడెక్కింది? ట్రాఫిక్‌లో కాకుండా వేగంలోనే వేడెక్కిందంటే ఫ్యాన్ కంటే ముందు రేడియేటర్‌ను అనుమానించాలి. పై ట్యాంకు ఊడదీయిస్తే చాలా ట్యూబుల నోళ్లు తెల్లటి గారతో పూడిపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల ఫలితం అది. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. రేడియేటర్‌ను పూడ్చేది మాత్రం ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. వేడికి అవి గారగా గట్టిపడతాయి. కొత్త గాస్కెట్ వేసి ఈ రేడియేటర్‌నే ఉంచితే, వచ్చే ఎండాకాలానికి మళ్లీ హెడ్డు విప్పాల్సిందే.

ట్యూబులన్నీ పొడిపించి శుభ్రం చేయించాం. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపే పోస్తున్నాను. హెడ్డును టార్క్ రెంచ్‌తో, అంటే బిగింపు కొలిచే స్పానర్‌తో, మధ్య నుంచి అంచులకు, విడతలుగా బిగించాం. ఇలాంటి పాతరకం గాస్కెట్‌కు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ చల్లారినప్పుడు ఇంకోసారి బిగింపు చూడాలి. అప్పుడు హెడ్డు వెంట్రుకవాసి కిందికి దిగినా ట్యాపెట్ సందు (వాల్వుల దగ్గర వదిలే సన్నటి ఖాళీ) తగ్గుతుంది కాబట్టి, అదే రోజు దాన్ని కూడా సరిచేయించుకోండి.