అంకెలు వేసిన పాట

నిద్ర పట్టేలా లేదని తేలిపోయాక ఇక పక్క మీద దొర్లడం ఎందుకని లేచి వచ్చి కూర్చున్నాను. విషయం చాలా చిన్నది. సాయంత్రం చిన్నోడు చూపించిన వీడియో.

డ్రమ్స్ క్లాసులో చేరినప్పటినుంచీ వాడికి అదే ధ్యాస. బల్ల మీద, తలుపు మీద, చివరికి నా భుజం మీద కూడా దరువే. అదేం నాకు ఇబ్బంది కాదు. ఇవాళ వచ్చి ఫోను నా ముందు పెట్టాడు. ఇంగ్లండు రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ 'మనీ' నడుస్తోంది. పాటతో పాటు తెర మీద పెద్ద పెద్ద అంకెలు పడుతున్నాయి. ఒకటి, రెండు, మూడు, అలా ఏడు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి. ఏడు వచ్చినప్పుడల్లా ఎర్రగా మెరుస్తోంది.

"చూశావా అత్తా, మామూలు పాటలన్నీ నాలుగు దెబ్బల లెక్కలో ఉంటాయి, ఇది ఏడులో ఉంది. ప్రోగ్రెసివ్ రాక్ కష్టం అంటారే, ఇందుకే. అంతే."

ప్రోగ్రెసివ్ రాక్ అంటే పొడుగు పాటలు, మారిపోయే లయలతో డెబ్బైల్లో వెలిగిన రాక్ సంగీతం. వాడి ఆ "అంతే" దగ్గర నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడి మీద కాదు. వాడిది నేర్చుకునే వయసు, ఎవరేది చూపిస్తే దాన్ని పట్టుకుంటాడు. ఆ వీడియో చేసినవాళ్ళ మీద. పోనీ అంకెలు వేస్తే వేశారు. దాన్ని ఎక్కడ ఆపారో తెలుసా? శాక్సఫోన్ అయిపోతుండగా ఆపేశారు. అసలు సంగతంతా ఆ తర్వాతే కదా ఉంది!

డిక్ పారీ శాక్సఫోన్ ఏడులోనే వాయిస్తాడు. అది అయ్యాక డేవిడ్ గిల్మోర్ గిటార్ అందుకునేసరికి పాట నాలుగులోకి మారిపోతుంది. అప్పటిదాకా ఆవర్తానికి ఒక అడుగు తక్కువై కుంటుతూ వచ్చిన నడక ఒక్కసారిగా చదును నేల మీద పడి పరుగందుకుంటుంది. గిటార్ ముగిశాక మళ్ళీ ఏడు. ఆ నాలుగు విన్నాకే ఏడు ఏం చేస్తోందో చెవికి తెలుస్తుంది. ఆ మలుపు కోసేసి, పక్కన అంకెలు వేసి, ఇదీ కష్టం అని చెప్పడం ఏమిటి? ఇంకో మాట. 1973లో ఆ పాట అమెరికాలో టాప్ 20లోకి వెళ్ళింది. దాన్ని పాడుకున్న వాళ్ళలో ఎంతమంది ఏడు లెక్కపెట్టి ఉంటారు? మొదట్లో వచ్చే నాణేల గలగల, క్యాష్ రిజిస్టర్ చప్పుడు ఉన్నాయే, వాటిని టేపు మీద ముక్కలు ముక్కలుగా అతికించి, ఆ టేపుని చక్రంలా తిప్పి చేశారు. ఏడు చప్పుళ్ళు. పాట మొదలయ్యేలోపే చెవి ఆ ఏడుకి అలవాటు పడిపోతుంది. జనానికి కష్టం అనిపించకుండా ఏడుని ఇంత సులువుగా ఎక్కించిన పాటని తీసుకొచ్చి కష్టానికి ఉదాహరణ అంటారా!

ఇంత చిరాకులో ఉంటే ఈయన పేపర్ వెనకనుంచి, "ఏడంటే మిశ్రచాపేగా, అందులో కొత్తేముంది" అన్నారు. నేను జవాబు చెప్పలేదు, చెబితే రాత్రి భోజనం ఆలస్యమవుతుందని. ఇక్కడ చెబుతాను. మిశ్రచాపు మన కర్ణాటక సంగీతంలో ఏడు మాత్రల తాళం. మిశ్రచాపులో ఎత్తుకున్న కీర్తన మిశ్రచాపులోనే ముగుస్తుంది. వినేవాళ్ళు ఆ భరోసాతోనే తాళం వేస్తారు. ఈ రాక్ వాళ్ళ దగ్గర ఆ భరోసా ఉండదు. తొడ మీద చెయ్యి పడుతూ ఉండగానే లెక్క మారిపోతుంది.

సరే, లెక్క కాకపోతే మరేమిటి కష్టం? ఇదే నన్ను పడుకోనివ్వలేదు.

మా అన్నయ్య హాస్టల్లో ఉన్నప్పుడు స్నేహితుడి దగ్గర ఎక్కించుకొచ్చిన క్యాసెట్ ఒకటి ఉండేది. లేబుల్ మీద ఆకుపచ్చ ఇంకుతో 'జెనెసిస్' అని బ్యాండు పేరు, కింద కొట్టేసిన వేరే పేరేదో. ముందు ఇంకెవరివో పాటలు ఎక్కించి, మిగిలిన టేపులో 'సప్పర్స్ రెడీ' ఎక్కించారు. అది 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' రికార్డులో ఒక వైపు దాదాపు మొత్తం ఆక్రమించుకున్న పాట, ఇరవై మూడు నిమిషాలది, ఏడు భాగాలు. మిగిలిన టేపు దానికి చాలలేదు. ఆరో భాగంలో ఆర్గన్ పైపైకి పాకుతూ ఉండగా, ఇంకాస్తలో ఏదో జరగబోతోంది అనుకునేలోపు టేపు అయిపోయి, ప్లేయర్ మీట టక్కున పైకి లేచేది.

మేమిద్దరం ఆ పాటని అలాగే విన్నాం, ఏళ్ళ తరబడి. తెగిపోయిందని తెలుసు, మిగతాది ఎక్కడ దొరుకుతుందో తెలీదు. మీట పైకి లేవగానే అన్నయ్య మిగతా పాట తనే పాడేవాడు. వాడి లెక్కలో ఆ ఆర్గన్ ఇంకా ఇంకా వేగం పెరిగి చివరికి అన్నీ కలిసి బద్దలవ్వాలి. నేను ఒప్పుకునేదాన్ని కాదు. చప్పున ఆగిపోయి, ఒక్క గొంతే మిగులుతుందని నా వాదన. దీని మీద పోట్లాడుకున్నాం కూడా, ఒకరోజు అమ్మ వచ్చి ప్లేయర్ ప్లగ్గు పీకేసేదాకా. అన్నయ్య పుస్తకం వెనక పేజీలో పెన్సిల్‌తో గీత గీసి చూపించేవాడు, పాట ఇలా ఎక్కుతుంది, ఇలా ఎక్కుతుంది, ఇక్కడ పేలుతుంది అని. ఆ గీత చివర ఒక చుక్క పెట్టి గట్టిగా నొక్కేవాడు, కింది పేజీకి కూడా దిగేది.

పూర్తి పాట చేతికి వచ్చేసరికి అన్నయ్య ఉద్యోగంలో చేరి దూరం వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే విన్నాను. టేపు తెగే చోటు వచ్చింది, దాటింది. అన్నయ్య చెప్పినట్టూ జరగలేదు, నేను చెప్పినట్టూ జరగలేదు. పాట మొట్టమొదట్లో, డ్రమ్స్ లేకుండా, పన్నెండు తీగల గిటార్ల మీద నెమ్మదిగా పాడిన వరుస తిరిగి వచ్చింది. దాదాపు ఇరవై నిమిషాల వెనక ఎప్పుడో విని వదిలేసిన వరుస. ఈసారి బ్యాండు మొత్తం దాని కింద ఉంది. దాని వెంటే రెండో భాగంలోని వరుస కూడా వచ్చేసింది. ఒళ్ళు ఝల్లుమంది.

సాయంత్రం కూరలు తరుగుతూ తేల్చుకున్నది ఏమిటంటే, కష్టం దూరంలో ఉంది. మామూలు పాటలో పల్లవి నిమిషానికోసారి తిరిగొస్తుంది, మర్చిపోయే వ్యవధే ఇవ్వదు. వీళ్ళు ఒక వరుసని చెవిలో వేసి, దాని మీద వేరేవి పేర్చుకుంటూ పోయి, నువ్వు దాన్ని దాదాపు మర్చిపోయే సమయానికి తీసి చూపిస్తారు. వాయించేవాళ్ళ చేతుల కంటే వినేవాళ్ళ జ్ఞాపకానికి ఎక్కువ పని. అలాగని నిడివే కష్టం అనడానికీ లేదు. ఒకే ముక్కని ఇరవై నిమిషాలు తిప్పితే అది పొడుగు పాట అవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. జెత్రో టల్ వాళ్ళు 1972లోనే 'థిక్ యాజ్ ఎ బ్రిక్' అని రికార్డు రెండు వైపులా కలిపి ఒకే పాట చేశారు. అది నిలబడింది పొడుగు వల్ల కాదు, మొదటి వైపు విన్నవి రెండో వైపు వేషం మార్చుకుని ఎదురొస్తూ ఉంటాయి కాబట్టి.

ఇక వాయిద్యాలు ఎక్కువ కాబట్టి కష్టం అనే వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి ఒక్క ఉదాహరణ చాలు. కింగ్ క్రిమ్సన్ మొదటి రికార్డులో, 1969లో, గుండె బరువెక్కించే ఆ మెలోట్రాన్ ఉంది చూడండి, అది ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉన్న పెట్టె. మీట నొక్కి పట్టుకుంటే ఎనిమిది సెకన్ల దాకా పలుకుతుంది, ఆ పైన టేపు ఉండదు. వదిలి మళ్ళీ నొక్కాలి. అంత పరిమితి ఉన్న వాయిద్యంతో అంత విశాలమైన పాట కట్టారు. ఇది మాత్రం ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే నాకు.

ఇక్కడిదాకా రాసి, చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ ఆరో భాగం ఇప్పుడే మళ్ళీ విన్నాను. విన్నాక పైన రాసినదాంతో నాకు పూర్తిగా కుదరడం లేదు.

ఆ భాగం పేరులోనే 9/8 అని అంకె ఉంది, అంటే ఆవర్తానికి తొమ్మిది. బాస్ వాయించే మైక్ రూథర్‌ఫర్డ్, డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ కలిసి మూడు, రెండు, నాలుగు అని విరిచిన తొమ్మిదిని పట్టుకుని కదలకుండా కూర్చుంటారు. అదే, అదే, మళ్ళీ అదే. దాని మీద టోనీ బ్యాంక్స్ ఆర్గన్ వాయిస్తాడు. అతను ఆ తొమ్మిదిని పట్టించుకోడు. తన వాక్యం ఎక్కడ ముగిస్తే అక్కడ ముగిస్తాడు, కింద వాళ్ళ ఆవర్తం మధ్యలో ఉన్నా సరే. కొన్నిచోట్ల అతని చేతుల్లో నాలుగు నడుస్తోందని ఒట్టేసి చెప్పొచ్చు. నేను కిందిది పట్టుకుంటే పైది జారిపోయింది. పైదాని వెంట పోతే కిందిది ఎక్కడుందో తెలియలేదు. రెండూ ఒకేసారి వినడం నాకు చేతకాలేదు, ఇన్నేళ్ళ తర్వాత కూడా. ఆ వరుస తిరిగి వచ్చినప్పుడు ఒళ్ళు ఝల్లుమన్నదంటే సగం కారణం ఇదే. అప్పటిదాకా రెండుగా చీలిపోయి ఉన్నవాళ్ళు ఒకే చోట అడుగు వేస్తారు. అంత సేపు ఆ తొమ్మిది బిగించి పెట్టకపోతే ఆ విడుదల ఎక్కడిది?

అంటే లెక్కకి విలువ ఉంది. ఒంటరి లెక్కకి లేదు. ఇంకోదానితో కుదరకుండా నడిచినప్పుడు ఉంది. జెంటిల్ జయింట్ వాళ్ళు 1975లో 'ఆన్ రిఫ్లెక్షన్' అని ఒక పాటలో గొంతులతోనే ఈ పని చేశారు. ఒక గొంతు మొదలుపెట్టాక రెండోది, దాని వెనక మూడోది. ఏ ఒక్కదాన్ని విడిగా తీసినా పాడుకోగలిగేదే. కలిస్తే మాత్రం దేన్ని పట్టుకోవాలో తెలీదు.

పైగా, లెక్కనే ముచ్చటగా దాచిపెట్టిన వాళ్ళూ ఉన్నారు, ఇది చిన్నోడికి చెప్పాలి. కెనడా బ్యాండు రష్ వాళ్ళ 'వై వై జెడ్', 1981లోది. అది టొరంటో విమానాశ్రయం గుర్తు. తంతిలో అక్షరాలని గీతలు, చుక్కలుగా పంపే మోర్స్ కోడ్‌లో ఆ మూడు అక్షరాలే పాట మొదటి దరువు. గీతకి రెండు మాత్రలు, చుక్కకి ఒకటి వేసి చూడండి. వై అంటే గీత, చుక్క, గీత, గీత: ఏడు. ఇంకో వై, ఇంకో ఏడు. జెడ్ అంటే రెండు గీతలు, రెండు చుక్కలు: ఆరు. మొత్తం ఇరవై. రెండేసి మాత్రలు ఒక దెబ్బగా లెక్కపెడితే పది, అందుకే ఆ మొదలు 10/8 అవుతుంది. ఎవరో వంకరగా ఉండాలని కూర్చుని వేసిన లెక్క కాదది, వాళ్ళ ఊరి పేరు పలికితే వచ్చిన లెక్క. వీడియోలో తెర మీద ఇలాంటిది ఒక్కటి వేసి ఉంటే నేను ఈపాటికి నిద్రపోయి ఉండేదాన్ని.

నన్ను ఇప్పుడు పట్టి పీడిస్తున్న ప్రశ్న వేరే. ఇవన్నీ వినేవాళ్ళ కష్టాలు. వాయించేవాళ్ళు దేన్ని పట్టుకుంటారు, అంకెనా, వరుసనా?

యెస్ అనే బ్యాండు వాళ్ళు 'క్లోజ్ టు ది ఎడ్జ్' పాటని లండన్‌లో అడ్విజన్ స్టూడియోలో ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారు. సౌండ్ ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్ ఆ టేపుల్ని కోసి అతికించాడు. పద్దెనిమిది నిమిషాల పైచిలుకు పాట అలా తయారైంది. మధ్యలో రిక్ వేక్‌మన్ చర్చి ఆర్గన్ కూడా ఉంది, నిజమైన చర్చిలో వాయించిందే. ఇంత చేశాక, 1972లో రికార్డు పని పూర్తవుతూనే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ కింగ్ క్రిమ్సన్‌లోకి వెళ్ళిపోయాడు. ఎదురుగా కచేరీలు. అలన్ వైట్ వచ్చి కొద్ది రోజుల్లోనే మొత్తం కచేరీ నేర్చుకుని వేదిక ఎక్కాడు. ఇంకొకరి చేతుల్లో పుట్టిన దరువులు, అతుకుల దగ్గర మారిపోయే లెక్కలు, అన్నీ.

అన్ని లెక్కలూ అంకెలుగా గుర్తుపెట్టుకోవడానికి ఆ రోజులు చాలవు. నా అనుమానం, అతను గాయకుడు జాన్ ఆండర్సన్ పాటని లోపల పాడుకుంటూ, ఆ పదాలు ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే అక్కడ దెబ్బ వేసి ఉంటాడని. 1973లో వచ్చిన వాళ్ళ కచేరీల రికార్డు 'యెస్‌సాంగ్స్' లో ఆ పాటకి డ్రమ్స్ అతనివే. రేపు మధ్యాహ్నం ఎవరూ ఉండరు కాబట్టి అది పెట్టుకుని, గిటార్‌నీ గొంతునీ వదిలేసి ఒక్క డ్రమ్స్‌నే పట్టుకుని విని చూస్తాను. చిన్నోడు క్లాసునుంచి తొందరగా వస్తే వాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుంటాను, వాడి చెవులు నాకంటే చురుకు.